నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ కోర్సు మొత్తం ఆన్‌లైన్‌లో పెట్టమన్నారు, ల్యాబ్ సంగతి ఎలా?

గంటస్తంభం, విజయనగరం

అందరికీ నమస్కారం. విజయనగరం దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్లుగా కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతున్నాను. వచ్చే సెమిస్టర్‌కి "కంప్యూటర్ నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్" పేరుతో పూర్తిగా ఆన్‌లైన్‌లో నడిచే కోర్సు తయారు చేసే పని మా హెచ్‌ఓడీ గారు తీసుకొచ్చి నా నెత్తిన పెట్టారు. 12 వారాలు, 3 క్రెడిట్లు, ఎంసీఏ వాళ్లూ బీటెక్ చివరి ఏడాది వాళ్లూ కలిపి 60 మంది.

చేతిలో ఉన్న పాత సిలబస్ చదువుతుంటే నాకే నిద్రొస్తోంది. మొదటి యూనిట్ అంతా ఓఎస్‌ఐ మేనేజ్‌మెంట్ నమూనా, రెండో యూనిట్ ఏఎస్‌ఎన్.1 (డేటాని వర్ణించే భాష) వ్యాకరణం, మూడో యూనిట్ దాకా ఒక్క పరికరం కనపడదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పినప్పుడే వెనక బెంచీలు కునికిపాట్లు పడేవి, ఇక ఫోన్లో అంటే వీడియో దాని మానాన అది నడుస్తుంటుంది, పిల్లవాడు ఇంకెక్కడో ఉంటాడు.

అసలు టెన్షన్ మాత్రం ల్యాబ్ గురించి. మా పిల్లల్లో సగం మందికి ల్యాప్‌టాప్ లేదు. సాలూరు, సీతంపేట వైపు నుంచి వచ్చేవాళ్లు ఇంటికెళ్తే సిగ్నల్ కోసం మేడెక్కాలి. రూటర్, స్విచ్ ముట్టుకోకుండా నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్ నేర్పడమంటే ఒడ్డున కూర్చోబెట్టి ఈత నేర్పినట్టే కదా? పరీక్ష సంగతి చెప్పనక్కర్లేదు. లాక్‌డౌన్‌లో దిద్దిన పేపర్లు గుర్తున్నాయి, ఒకడు చేసిన స్పెల్లింగ్ తప్పు 40 మందిలో అలాగే కనిపించింది.

ఈ ఫీల్డులో పనిచేసేవాళ్లు, ఇలాంటి కోర్సు చేసినవాళ్లు, చెప్పినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.


పొందూరు_బాబు, శ్రీకాకుళం

సిస్కో వాళ్ల ప్యాకెట్ ట్రేసర్ (కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టేది) పెట్టేయండి సార్. ఫ్రీ. అయిపోద్ది.


రాత్రిడ్యూటీ, సొంతూరు నరసన్నపేట, ఉండేది హైదరాబాద్

సార్, పదకొండేళ్లుగా నెట్‌వర్కుల్ని రాత్రీ పగలూ కనిపెట్టుకుని ఉండే ఎన్‌ఓసీలోనే ఉన్నాను, అందులో సగం రాత్రి షిఫ్టులు. మీ ఒడ్డు, ఈత మాట దగ్గరే మొదలెడతాను. ఇన్నేళ్లలో నేను చూసుకున్న రూటర్లలో చేత్తో ముట్టుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెట్టె ఎక్కడో రాయగడలోనో రాజమండ్రిలోనో ఉంటుంది, మేము దాన్నుంచి వచ్చే నాలుగు అంకెలు, రెండు లాగ్ లైన్లు చూసి అక్కడ ఏం జరిగుంటుందో పోల్చుకోవాలి. మా ఉద్యోగమే ఒడ్డున కూర్చుని చేసేది. అందుకని కోర్సు ఆన్‌లైన్ అయిందని మీరు క్షమాపణ చెప్పుకోనక్కర్లేదు, దూరం నుంచి చూడటమే ఇక్కడ పాఠం.

ప్యాకెట్ ట్రేసర్ రూటింగ్, వీల్యాన్ నేర్చుకోడానికి బాగుంటుంది, నేనూ దాంతోనే నేర్చుకున్నాను. కానీ అది నకలు. వాళ్లు అందులో పెట్టిన మేరకే కమాండ్లు పనిచేస్తాయి, బయటి నుంచి ఒక మానిటరింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చి దానికి తగిలించి వారం రోజులు గ్రాఫ్ గీయించాలంటే కుదరదు. మేనేజ్‌మెంట్ అంటేనే ఆ వారం రోజుల గ్రాఫ్.

నేనైతే ఇలా చేస్తాను. మీ కాలేజీలో ఏదో ఒక మూల 32 జీబీ ర్యామ్ ఉన్న పాత సర్వర్ పడి ఉంటుంది కదా, దాని మీద లైనక్స్ వేసి, కంటైనర్‌ల్యాబ్‌తో ఒక్కో విద్యార్థికీ నాలుగైదు ఎఫ్ఆర్ఆర్ అనే సాఫ్ట్‌వేర్ రూటర్లు లేపండి. కంటైనర్లు కాబట్టి మెమరీ పెద్దగా తినవు. ఒక్కోదానిలో నెట్-ఎస్ఎన్ఎంపీ ఏజెంట్ (ఆ రూటర్ లెక్కలు అడిగితే చెప్పే చిన్న ప్రోగ్రామ్) పెట్టండి. పక్కన మానిటరింగ్ కోసం ఒక లిబ్రెఎన్ఎంఎస్ గానీ జాబిక్స్ గానీ. ముందు అపాచీ గ్వాకమోలీ పెడితే పిల్లలు ఫోన్ బ్రౌజర్ నుంచే లాగిన్ అవుతారు, వాళ్ల దగ్గర ఏమీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. కమాండ్ లైన్ అంటే వచ్చేదీ పోయేదీ అక్షరాలే, వీడియో తినే డేటాతో పోలిస్తే లెక్కలోకి రాదు. 60 మందినీ ఒకేసారి ఎక్కించకండి, 20 మంది చొప్పున మూడు బ్యాచ్‌లు.

ఇక అసలు మాట. మొదటి వారమే చెడిపోయిన నెట్‌వర్క్ ఇచ్చేయండి. నిర్వచనం వద్దు, చరిత్ర వద్దు. "బ్రాంచి ఆఫీసు వాళ్లు నెట్ స్లోగా ఉందంటున్నారు, చూడు" అని ఒక్క ముక్క. వాళ్లు పింగ్ (అవతలి పరికరం పలుకుతోందా అని చూసే కమాండ్) కొడతారు, వెళ్తుంది. మళ్లీ కొడతారు, మళ్లీ వెళ్తుంది. అప్పుడు కొంచెం తిక్క రేగుతుంది చూడండి, ఆ తిక్క రేగాకే ఎస్ఎన్ఎంపీ (పరికరాల స్థితి దూరం నుంచి అడిగి తెలుసుకునే ప్రోటోకాల్) ఎందుకు పుట్టిందో చెప్పండి, బుర్రకెక్కుతుంది. 1988లో వచ్చిన మొదటి వెర్షన్ ప్యాకెట్ ఫార్మాట్ బొమ్మ గీయించడం కంటే, 161వ పోర్టులో మనం అడిగితే ఏజెంట్ జవాబు చెబుతుంది, 162లో అదే మనల్ని లేపుతుంది అన్న తేడా ఒక్కటి ఒంటబడితే చాలు.

కౌంటర్ల పాఠం మాత్రం దయచేసి వదలొద్దు. ఇంటర్‌ఫేస్‌లో ఎన్ని బైట్లు వచ్చాయో లెక్కపెట్టే పాత కౌంటర్ 32 బిట్లది, 429 కోట్ల చిల్లర దాటగానే సున్నాకి తిరిగిపోతుంది. 100 ఎంబీపీఎస్ లింకు నిండా నడిస్తే అది సుమారు 5 నిమిషాల 43 సెకన్లు, అంటే 5 నిమిషాలకోసారి చదివే పద్ధతికి బొటాబొటిగా సరిపోయేది. అదే 1 జీబీపీఎస్ లింకు అయితే 34 సెకన్లే. 5 నిమిషాల్లో ఎనిమిది సార్లు పైగా తిరిగేసి ఉంటుంది, మీ గ్రాఫేమో ట్రాఫిక్ తగ్గింది అని చక్కగా అబద్ధం చెబుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఈ గ్రాఫ్ పట్టుకుని లింకు ఖాళీగా ఉందని మెయిల్ రాశాను, పైకి నలుగురికి కాపీ పెట్టి మరీ. దానికి మందు 64 బిట్ల కౌంటర్, అది మొదటి వెర్షన్‌లో లేదు, 2సీ గానీ 3 గానీ కావాలి. వెర్షన్ల తేడా అని పట్టిక వేయించే బదులు ఈ ఒక్క ల్యాబ్ చేయించండి. అలాగే ఏజెంట్ మొదలై ఎంతసేపైందో చెప్పే సిస్‌అప్‌టైమ్ కూడా. సెకన్లో నూరో వంతు చొప్పున లెక్కపెడుతుంది కాబట్టి 497 రోజులకి సున్నా అవుతుంది. "రూటర్ రీబూట్ అయిందా, కౌంటర్ తిరిగిందా, ఎలా తేలుస్తావ్?" ఇది మంచి వైవా ప్రశ్న.

కాన్ఫిగరేషన్ మార్చడం దగ్గర ఇంకో అలవాటు చేయించాలి. దూరంగా ఉన్న సిస్కో రూటర్‌లో ఏదైనా ముట్టుకునే ముందు రీలోడ్ ఇన్ 10 అని కొట్టి పెట్టుకుంటాం, మన మార్పు వల్ల మనమే బయటపడిపోతే పది నిమిషాల్లో అది రీబూట్ అయి సేవ్ చేసిన పాత కాన్ఫిగ్‌తో లేస్తుంది. జూనిపర్‌లో కమిట్ కన్ఫర్మ్‌డ్ ఉంది. ఎఫ్ఆర్ఆర్ ల్యాబ్‌లో అదే కమాండ్ ఉండదు, చిన్న స్క్రిప్ట్‌తో అదే పని చేయించొచ్చు. ఒక్కసారి తన రూటర్ నుంచి తనే బయట పడిపోయినవాడు జన్మలో మర్చిపోడు, కాబట్టి మూడో నాలుగో వారంలో కావాలనే పడనివ్వండి.

2021 అక్టోబర్ 4 ఫేస్‌బుక్ ఆగిపోయిన సంగతి ఒక వారం మొత్తం పెట్టొచ్చు. మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ డేటా సెంటర్లని కలిపే వాళ్ల బ్యాక్‌బోన్‌నే దించేసింది, దాన్ని ఆపాల్సిన తనిఖీ టూల్‌లో బగ్ ఉండి ఆపలేదు, డేటా సెంటర్లు అందకపోయేసరికి వాళ్ల డీఎన్ఎస్ సర్వర్లు (సైట్ పేరుకి అడ్రస్ చెప్పేవి) బీజీపీలో (నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్) తమ దారుల్ని తామే వెనక్కి తీసేసుకున్నాయి. బాగుచేయాల్సిన టూల్సూ ఆ నెట్‌వర్క్ మీదే ఉండటంతో మనుషులు స్వయంగా డేటా సెంటర్లకి వెళ్లాల్సొచ్చింది, ఇంచుమించు ఆరు గంటలు పట్టింది. ఇంజిన్ ఆగిన పడవలోనే మెకానిక్ కూడా చిక్కుకుపోయినట్టు. అవుట్ ఆఫ్ బ్యాండ్ (అసలు నెట్‌వర్క్ పడిపోయినా పరికరాన్ని చేరే విడి దారి) అంటే ఏమిటో దీనికంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.


గంటస్తంభం, విజయనగరం

సార్ కాదండీ, మేడమ్‌ని. పర్వాలేదు, అలవాటే.

రాత్రిడ్యూటీ గారూ, మీ జవాబు రెండుసార్లు చదివాను. కౌంటర్ సంగతి నేను ఇన్నేళ్లూ వెర్షన్ల పట్టికలో ఒక గడిగా చెప్పి వదిలేశాను, నిజం ఒప్పుకోవాలి. సర్వర్ అడుగుతాను, మూల పడున్నదే అయినా అడగ్గానే దానికి విలువ వచ్చేస్తుంది మా దగ్గర. కానీ సిలబస్ ఖరారు చేసే బోర్డు ఆఫ్ స్టడీస్‌లో "మొదటి వారం చెడిపోయిన నెట్‌వర్క్" అని రాస్తే నన్ను లోపలికి రానిస్తారంటారా?


రెండో_యూనిట్, విజయనగరం

రానివ్వరు మేడమ్ 😀 నేను వేరే కాలేజీలో ఇదే కుర్చీలో ఉన్నాను, కాబట్టి కాగితాల సంగతి నన్ను చెప్పనివ్వండి.

మన సిలబస్ అంటే ఐదు యూనిట్లు ఉండి తీరాలి, అది దేవుడు రాసిన రాత. అదృష్టం కొద్దీ ఐఎస్ఓ వాళ్లు నెట్‌వర్క్ మేనేజ్‌మెంట్‌ని కూడా ఐదు ముక్కలే చేశారు. ఫాల్ట్, కాన్ఫిగరేషన్, అకౌంటింగ్, పెర్ఫార్మెన్స్, సెక్యూరిటీ. ఎఫ్‌క్యాప్స్. ఒక్కో అక్షరం ఒక్కో యూనిట్ పేరు చేసేయండి, కమిటీలో పెద్దవాళ్లు ముచ్చటపడతారు, మొదటి యూనిట్ ఫాల్ట్ కాబట్టి మీ చెడిపోయిన నెట్‌వర్క్ అందులో హాయిగా దాక్కుంటుంది. వారాలు మాత్రం సమానంగా పంచకండి. ఫాల్ట్‌కి 3, కాన్ఫిగరేషన్‌కి 3, పెర్ఫార్మెన్స్‌కి 3, సెక్యూరిటీకి 2, అకౌంటింగ్‌కి 1. అకౌంటింగ్‌లో నెట్‌ఫ్లో, దాని నుంచి వచ్చిన ఐపీఫిక్స్ చెబితే సరిపోతుంది, ఎవడు ఎంత వాడాడో.

కాన్ఫిగరేషన్ యూనిట్‌లో ఒక కథ ఉంది, సిలబస్‌లో ఎవరూ పెట్టరు. 2002లో ఐఏబీ (ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు) వాళ్లు నెట్‌వర్కులు నడిపేవాళ్లనీ ప్రోటోకాల్ రాసేవాళ్లనీ ఒకచోట కూర్చోబెట్టారు. నడిపేవాళ్లు చెప్పింది టూకీగా ఇదీ: మీ ఎస్ఎన్ఎంపీ చూడటానికి బాగానే ఉంది, కాన్ఫిగర్ చేయడానికి మాత్రం మేమెవరం వాడట్లేదు, కమాండ్ లైనే కొడుతున్నాం. అది 2003లో ఆర్ఎఫ్‌సీ 3535 అనే పత్రంగా వచ్చింది. దాని తర్వాతే 2006లో కాన్ఫిగర్ చేయడానికని నెట్‌కాన్ఫ్, 2010లో దాని డేటాని వర్ణించే భాష యాంగ్. ఆ పత్రం చిన్నది, పిల్లల చేత చదివించొచ్చు. వాడేవాడిని అడక్కుండా చేసిన వస్తువు సంగతి ఏమవుతుందో తెలుస్తుంది. మన సిలబస్‌లకీ వర్తిస్తుంది అనుకోండి, ఆ మాట కమిటీలో అనకండి.

సెక్యూరిటీలో మన దేశం విషయం ఒకటి చేర్చండి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో లాగ్‌లు 180 రోజులు దాచాలి, సైబర్ సంఘటన తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, గడియారాలు ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో కలిసి ఉండాలి అని ఉంది. ఎన్‌టీపీ (గడియారాలు కలిపే ప్రోటోకాల్) ఎందుకు అంటే మా పిల్లలు "టైమ్ కరెక్టుగా చూపించడానికి" అని రాస్తారు. రెండు రూటర్ల గడియారాల మధ్య మూడు నిమిషాల తేడా పెట్టి, ఏ లింకు ముందు పడిందో సిస్‌లాగ్ చూసి చెప్పమనండి. తెల్లమొహం వేస్తారు.

ఒక్కటి మాత్రం రాత్రిడ్యూటీ గారితో ఒప్పుకోను. నిర్వచనం వద్దు, చరిత్ర వద్దు అంటే ఇంటర్వ్యూలో మా పిల్లలే దెబ్బతింటారు. అక్కడ అడిగేది "మిబ్ (ఏజెంట్‌ని అడగగలిగే విలువల పట్టిక) అంటే ఏమిటి" అనే. తిక్క రేగాక చెప్పండి, కాదనను, కానీ చెప్పి నోట్సు రాయించండి.


కవిటి_కొబ్బరి, శ్రీకాకుళం జిల్లా

మేడమ్ నమస్తే. నేను టీచర్‌ని కాదు, రెండేళ్ల కిందట ఇలాంటి ఆన్‌లైన్ కోర్సు ఒకటి చేసినవాడిని, సర్టిఫికెట్ కూడా ఉంది, ఏమీ గుర్తులేదు.

అటు నుంచి చూస్తే ఎలా ఉంటదో చెప్తాను. గంట వీడియో 1 ఎంబీపీఎస్‌తో చూస్తే 450 ఎంబీ. నాకు రోజుకి 1.5 జీబీ. ఇంట్లో చెల్లి ఇంటర్, అదీ నా హాట్‌స్పాటే. అదే పాఠం 64 కేబీపీఎస్ ఆడియోగా పెట్టి పక్కన పీడీఎఫ్ ఇస్తే గంటకి 29 ఎంబీ కూడా అవ్వదు. మా సార్ ఎలాగూ స్లయిడ్ చదివేవారు, మొహం చూడ్డానికి 420 ఎంబీ అన్నమాట. కాబట్టి వీడియో పెడితే పది నిమిషాలు మించకుండా, నిజంగా చూడాల్సినది ఉన్నప్పుడే పెట్టండి. ప్యాకెట్లు విప్పి చూపించే వైర్‌షార్క్‌లో ఎక్కడ నొక్కితే ఏం వస్తుంది లాంటివి. మిగతాది ఆడియో. మూడిల్ యాప్ అయితే డౌన్‌లోడ్ చేసుకుని తర్వాత చూసుకోవచ్చు, సిగ్నల్ ఉన్నచోట దించుకుని ఇంటికెళ్లిపోతాం.

ఇంకోటి, క్విజ్ ఆదివారం రాత్రి 11.59కి మూసేస్తారు ఎందుకో. మా దగ్గర గట్టిగా గాలేస్తే కరెంటు పోతుంది. తిత్లీ తుఫాను అప్పుడు, 2018 అక్టోబర్‌లో, ఉద్దానంలో రోజుల తరబడి కరెంటూ లేదు ఫోనూ లేదు. అంత పెద్దది ఎప్పుడో వస్తుంది అనుకోండి, చిన్నవి ఏటా వస్తాయి, అదీ సరిగ్గా మొదటి సెమిస్టర్‌లోనే. నాకు ఒక క్విజ్ అలాగే పోయింది, మెయిల్ పెడితే "టెక్నికల్ సమస్యలకి విద్యార్థే బాధ్యుడు" అని జవాబు. 48 గంటలు తెరిచి ఉంచండి, 12 క్విజ్‌ల్లో బాగా వచ్చిన 9 లెక్కెయ్యండి. గొడవ ఉండదు.

భాష సంగతి మీరు అడగలేదు గానీ చెప్తున్నా. ఇంగ్లిష్‌లో చెప్పి ఇంగ్లిష్‌లోనే అడిగితే బట్టీ పడతాం. తెలుగులో విడమర్చి చెప్పండి, పేర్లు మాత్రం ఇంగ్లిష్‌వే ఉంచండి. ఎవరో ఒక మెటీరియల్‌లో రూటర్‌ని "మార్గనిర్దేశకం" అని రాశారు, అదేటో తెలియడానికి నాకు రెండు పేజీలు పట్టింది.


డ్రాప్‌వైర్, బొబ్బిలి

అందరూ పెద్దోళ్లు మాట్లాడుతున్నారు, నేను ఇంటర్‌తో ఆపేసినోడిని. బొబ్బిలి చుట్టుపక్కల ఫైబర్ కనెక్షన్లు చూసుకుంటాను.

మేడమ్, ఎవరు చెప్పినా రూటర్, సాఫ్ట్‌వేర్ అంటున్నారు. నాకు రోజూ వచ్చే కంప్లైంట్లలో సాఫ్ట్‌వేర్‌ది ఎప్పుడో ఒకటి. ఉడత కొరికింది, లారీ ఎత్తు ఎక్కువై వైరు తెంపేసింది, కనెక్టర్ మీద దుమ్ము, ఇంటాయన సోఫా జరిపి పాచ్‌కార్డ్ నలిపేశాడు. ఎన్‌ఓసీ అన్నగారు ఒడ్డున కూర్చుంటే, నీళ్లలో ఉన్నది మేమే మరి. ఆయన "లింక్ డౌన్" అని టికెట్ పెడతాడు, వర్షంలో స్తంభం ఎక్కేది నేను.

మా దగ్గర మిషన్లూ గ్రాఫులూ లేనప్పుడు కూడా లెక్క ఒకటుంది. ఒక్కళ్లే ఫోన్ చేస్తే వాళ్ల ఇంటికెళ్లే వైరు లేదా పెట్టె. ఒకే వీధిలో ఎనిమిది మంది చేస్తే స్ప్లిటర్ (ఒక ఫైబర్‌ని ఇళ్లకి పంచేది) దగ్గర. ఊరు ఊరంతా చేస్తే మెయిన్ ఫైబర్, లేదంటే ఓఎల్‌టీకి (ఆ ఫైబర్లన్నీ వచ్చి కలిసే పెద్ద పెట్టె) కరెంటు పోయింది. ఎవరూ చెయ్యకపోతే ఊళ్లో కరెంటు పోయింది, అందరి పెట్టెలూ ఆగిపోయాయి, టీకి వెళ్లొచ్చు. ఫైబర్లో వెలుగు ఎంతుందో చూసే పవర్ మీటర్ పెడితే మైనస్ 20 డీబీఎం చుట్టూ ఉంటే శుభ్రం, మైనస్ 27 దాటిందంటే లైన్ వస్తూ పోతూ ఉంటుంది, ఈ వస్తూ పోతూ ఉండేదే మహా కష్టం, పూర్తిగా తెగిపోతే సుఖం.

పిల్లల్ని ఒక రోజు పంపండి. ఫైబర్ అతికే స్ప్లైసింగ్ మిషన్ చూపిస్తాను, తెగిన ఫైబర్ చేత్తో పట్టుకుంటారు. 60 మంది మాత్రం కాదు, నా బండి మీద ఇద్దరే పడతారు.


రాత్రిడ్యూటీ

అన్నా, "ఎవరూ చెయ్యకపోతే టీకి వెళ్లొచ్చు" అన్నది మేము రూట్ కాజ్ కోరిలేషన్ అని పేరు పెట్టి లక్షలు పోసి సాఫ్ట్‌వేర్ కొనుక్కుని చేస్తున్నాం. ఒకే కారణానికి 300 అలారాలు మోగితే అందులో అసలుది ఏది అని. మేడమ్, ఈయన రాసిన నాలుగు వాక్యాలూ ఉన్నదున్నట్టు ఫాల్ట్ యూనిట్‌లో పెట్టేయండి.

నోట్సు విషయంలో రెండో_యూనిట్ గారి మాట ఒప్పుకున్నాను. ఇంటర్వ్యూలు చేసేవాళ్లలో నేనూ ఉన్నాను, మిబ్ అంటే ఏమిటని నేనూ అడిగాను, సిగ్గుగా ఉంది.

పరీక్ష గురించి ఒకటి. రోల్ నంబర్ ఆఖరి అంకెని బట్టి ఒక్కొక్కరి నెట్‌వర్క్‌లో వేరే తప్పు పెట్టండి. ఒకడికి ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు), ఒకడికి డూప్లికేట్ ఐపీ, ఒకడికి కమ్యూనిటీ స్ట్రింగ్ (ఎస్ఎన్ఎంపీ పాస్‌వర్డ్ లాంటిది), ఒకడికి తప్పు గేట్‌వే. పది రకాలు చాలు. బాగైందో లేదో స్క్రిప్ట్ చూసుకుంటుంది. ఇంకొకడిని అడిగి చేసినా, అసలు అడగడానికి తన రోగం ఏమిటో చెప్పగలగాలి కదా, సగం పాఠం అక్కడే వచ్చేసింది. ఆపైన ఫోన్లో ఏడు నిమిషాల వైవా. 60 మందికి ఏడు గంటలు, రెండు రోజుల్లో అయిపోతుంది.


గంటస్తంభం, విజయనగరం

అందరికీ థాంక్స్ అండీ. ఇప్పటికి తేల్చుకున్నది ఇదీ. పేర్లకి ఎఫ్‌క్యాప్స్ ఐదు యూనిట్లు. మొదటి వారం "నెట్ స్లోగా ఉంది, చూడు". నోట్సు రెండో వారం నుంచి. ఆడియో ప్లస్ పీడీఎఫ్, వీడియో పది నిమిషాలు దాటదు, 12లో 9 క్విజ్‌లు. డేటా లెక్క చూశాక నేను ఇప్పటికే రికార్డు చేసిన నాలుగు గంటల వీడియో పక్కన పెట్టేశాను, అందులో నా మొహమే ఎక్కువ ఉంది.

సర్వర్ గురించి ఈ రోజు అడిగాను. ఉంది, కానీ దాని మీద ప్రింటర్లు పెట్టారట, అవి ఎక్కడికి మార్చాలో ఎవరికీ తెలియట్లేదు.

డ్రాప్‌వైర్ గారూ, మీ బండి మీద పట్టే ఇద్దరిలో మొదటి ట్రిప్పుకి నేనూ మా ల్యాబ్ అసిస్టెంటూ వస్తాం. ఫోన్లో మీరు పని చేస్తున్నది రికార్డు చేసి పిల్లలకి పెడతాం, మీకు అభ్యంతరం లేకపోతేనే. వచ్చే గురువారం కుదురుతుందా?


డ్రాప్‌వైర్, బొబ్బిలి

గురువారం వద్దు మేడమ్, సంత రోజు, ఆ రోడ్డులో బండి కదలదు. శుక్రవారం పొద్దున్నే ఎనిమిదికల్లా స్టేషన్ దగ్గరికి వచ్చేయండి. ఆ రోజు ఏ వైరూ తెగకపోతే మాత్రం పాత ముక్క ఒకటి నేనే కోసి చూపిస్తాను.